తగవు ఇద్దరిది, మూలం మూడోచోట

జపానులోని చిన్న కర్మాగారాల్లో వేర్వేరు దేశాల నుంచి వచ్చిన శిక్షణార్థుల మధ్య తగవు వచ్చిందంటే, కార్యాలయం దానికి చెప్పే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: వాళ్ళ సంస్కృతులు వేరు కాబట్టి పొసగడం లేదని. వినడానికి ఇది మర్యాదగానే ఉంటుంది. ఎవరినీ నిందించదు, ఎవరి మీదా చర్య తీసుకోమనదు, రెండు పక్షాలకూ సమానంగా సర్దిచెప్పినట్టు ఉంటుంది. అయితే ఐచి ప్రాంతంలో కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న సంస్థలో నాణ్యతా విభాగం ఇంజనీరుగా పనిచేసిన రోజుల్లో ఇలాంటి తగవులను దగ్గరనుంచి చూసిన మీదట, ఈ వివరణ చాలా సందర్భాల్లో అసత్యమనీ, పైగా హాని చేసే అసత్యమనీ నాకు గట్టి నమ్మకం ఏర్పడింది. శిక్షణార్థుల మధ్య ఎంతకూ తెగని తగవుల్లో అధికభాగం అప్పు నుంచి, ఓవర్‌టైము పంపకం నుంచి, ఉద్యోగం మారే హక్కు లేకపోవడం నుంచి, ఎవరి మాట కార్యాలయం దాకా చేరుతుందన్న దాని నుంచి పుడతాయి. సంస్కృతి పేరు చెప్పగానే ఈ నాలుగింటి గురించీ మాట్లాడవలసిన అవసరం తప్పిపోతుంది.

ఈ పథకం ఎలా నడుస్తుందో తెలియనిదే తగవులు అర్థం కావు కనుక ముందుగా అది చెబుతాను. జపాను ప్రభుత్వం 1993లో సాంకేతిక శిక్షణార్థుల పథకాన్ని ప్రారంభించింది. వర్ధమాన దేశాల యువతకు జపాను పరిశ్రమల్లో పని నేర్పి, ఆ నైపుణ్యాన్ని వారి స్వదేశాలకు అందించడం దాని ప్రకటిత లక్ష్యం. 2017 నవంబరులో అమలులోకి వచ్చిన చట్టంలో, కార్మికుల కొరతను సర్దుబాటు చేసుకునే సాధనంగా ఈ శిక్షణను వాడకూడదని స్పష్టంగా రాసి ఉంది. ఆచరణ మాత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధంగా సాగింది. కూరగాయల పొలాలు, చేపల శుద్ధి కేంద్రాలు, కుట్టు కేంద్రాలు, పోతపని, వెల్డింగు, భవన నిర్మాణం, వృద్ధుల సంరక్షణ వంటి, స్థానిక యువత రావడం మానేసిన పనులన్నీ ఈ శిక్షణార్థుల మీదనే నడుస్తున్నాయి. 2023 చివరినాటికి వీరి సంఖ్య 4 లక్షలు దాటింది, అందులో సగం మంది వియత్నాం వారు. అభ్యర్థులను స్వదేశంలో ఒక ఏజెన్సీ ఎంపికచేసి పంపుతుంది, జపానులో ఒక పర్యవేక్షక సంఘం వారిని స్వీకరించి సంస్థలకు అప్పగిస్తుంది, పని సంస్థలో జరుగుతుంది. మొదటి మూడేళ్ళూ తన ఇష్టంతో మరో సంస్థకు మారే అవకాశం శిక్షణార్థికి సూత్రప్రాయంగా లేదు. శిక్షణ పొందుతున్నవాడు గురువును మార్చుకోవడమేమిటన్నది దీని వెనక ఉన్న తర్కం.

ఒకే కర్మాగారంలోకి రెండు మూడు దేశాల వాళ్ళు ఎలా వచ్చి చేరతారన్నది చాలామంది ఆలోచించని విషయం. ఏ సంస్థ ఎంతమందిని తీసుకోవచ్చో దాని ఉద్యోగుల సంఖ్యను బట్టి నియమం ఉంది. 30 మంది లోపు ఉద్యోగులున్న సంస్థ సాధారణంగా ఏటా ముగ్గురిని తీసుకోవచ్చు. అంటే మూడేళ్ళలో మూడు జట్లు. ఒకప్పుడు ఈ జట్లు ఎక్కువగా చైనా నుంచే వచ్చేవి. చైనాలో జీతాలు పెరిగి, ఇంత కష్టానికి అంత దూరం వెళ్ళడం గిట్టుబాటు కానప్పుడు, పర్యవేక్షక సంఘాలు వియత్నాం వైపు తిరిగాయి. 2016 చివరికల్లా శిక్షణార్థుల సంఖ్యలో వియత్నాం చైనాను దాటింది. ఆ తరువాత ఇండోనేషియా, మయన్మార్ వంతు వచ్చింది. ప్రతి మలుపులోనూ నేను విన్న మాట ఒకటే ధోరణిలో ఉండేది: ముందు వచ్చిన దేశం వాళ్ళు గడుసుదేరారు, ఇప్పుడు వచ్చేవాళ్ళు చెప్పినట్టు వింటారు. గడుసుదేరడమంటే జీతం చీటీ చదవడం నేర్చుకోవడం, ఓవర్‌టైము లెక్క అడగడం, సెలవు తన హక్కని తెలుసుకోవడం.

కాబట్టి ఇలాంటి కర్మాగారంలో రెండు దేశాల మధ్య కనిపించే గీత దేశాల గీత మాత్రమే అనుకోవడం పొరపాటు. అది పాతవాళ్ళకూ కొత్తవాళ్ళకూ మధ్య గీత, ఎక్కువ అప్పు తెచ్చినవాళ్ళకూ తక్కువ అప్పు తెచ్చినవాళ్ళకూ మధ్య గీత, జపనీస్ కొంత మాట్లాడగలిగినవాళ్ళకూ ఏమీ మాట్లాడలేనివాళ్ళకూ మధ్య గీత. ఈ గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే గీతగా కనిపిస్తాయి. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది: తమ దేశం నుంచి ఇక కొత్తవాళ్ళను తీసుకోవడం మానేశారనీ, తమ స్థానంలోకి రావడానికే వీళ్ళను తెచ్చారనీ పాతవాళ్ళకు తెలుసు. వాళ్ళకే ఆ కొత్తవాళ్ళకు పని నేర్పమని అప్పగిస్తారు. తన కుర్చీని ఖాళీ చేయించడానికి వచ్చినవాడికి తానే ఓనమాలు దిద్దించమంటే ఏ దేశం మనిషికైనా మనసు ఒప్పుకోదు.

మా కర్మాగారంలో పాతవాళ్ళు వియత్నాం యువకులు, కొత్తవాళ్ళు ఇండోనేషియా యువకులు. ఉక్కు రేకును యంత్రంతో నొక్కి విడిభాగాలు చేసే ప్రెస్ షాపులో, కారు సీటు కింద బిగించే ఒక బ్రాకెట్టు తయారయ్యేది. ఒకసారి దానిలో రంధ్రం స్థానం తప్పిందని కొనుగోలుదారు సంస్థ పెట్టెలకు పెట్టెలు తిప్పిపంపింది. ఆ సరుకు రాత్రి షిఫ్టులో, డై (రేకుకు ఆకారమిచ్చే అచ్చు) మార్చిన వెంటనే తయారైనదని తేలింది. డై మార్చినప్పుడల్లా మొదటి ముక్కను గేజి మీద పెట్టి కొలిచి, చెక్ షీటులో విలువ రాసి సంతకం చేసిన తరువాతే ఉత్పత్తి మొదలుపెట్టాలన్నది నియమం. విచారణలో వియత్నాం యువకులు చెప్పినదేమంటే, కొలవవలసిన ఇండోనేషియా కుర్రవాడు ఆ సమయానికి నమాజుకు వెళ్ళాడని. ఇండోనేషియా వాళ్ళు చెప్పినదేమంటే, షీటులో సంతకం అంతకుముందే ఉందని, కొలవనవసరం లేదని పాతవాళ్ళే చెప్పారని. మాట మాట పెరిగింది. వసతి గృహంలో ఒకరినొకరు తోసుకునేదాకా వచ్చింది. కార్యాలయం తయారుచేసిన నివేదికలో మతాచారాలకూ పని క్రమశిక్షణకూ మధ్య సమన్వయ లోపమని రాశారు. ఇండోనేషియా యువకులకు పని వేళల్లో నమాజు గురించి ఒక హెచ్చరిక, ఉభయులకూ సామరస్యం గురించి ఒక ఉపన్యాసం నివారణ చర్యలుగా ప్రతిపాదించారు.

నాణ్యతా విభాగం వాణ్ణి కనుక ఆ చెక్ షీట్లు నా దగ్గరికి వచ్చాయి. నేను ఆ ఒక్క రాత్రి షీటుతో ఆగకుండా అంతకు ముందరివన్నీ వరుసగా పరచి చూశాను. మొదటి ముక్క కొలత గడిలో అంకెలు రోజుల తరబడి దాదాపు ఒకేలా ఉన్నాయి, ఒకే కలంతో ఒకే చేతిరాతలో వారానికి సరిపడా ముందే నింపినట్టు ఉన్నాయి. ఉక్కు రేకును తొలిచే యంత్రం దగ్గర కొలతలు అంత నిలకడగా రావడం అసాధ్యం. ఈ అలవాటు ఎప్పటినుంచి మొదలైందో వెతికితే, డై మార్పిడికి ఇచ్చే సమయాన్ని లైను నాయకుడు, అంటే ఆ ఉత్పత్తి వరుసను నడిపించే పెద్ద, కుదించిన వారం నుంచి మొదలైంది. అంతకుముందు డై మార్చడానికి ఇద్దరు ఉండేవారు, ఒకరు బిగిస్తే ఒకరు కొలిచేవారు. రాత్రి షిఫ్టులో ఒక మనిషిని తగ్గించి, సమయాన్ని కూడా తగ్గించారు. కొత్త లక్ష్యంలో మొదటి ముక్కను కొలిచే నిమిషాలు ఎక్కడా లేవు. ఆ రాత్రి నమాజుకు వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ ముక్కను ఎవరూ కొలిచేవారు కాదు. పైగా ఆ కుర్రవాడు నమాజు చేసుకున్నది అందరికీ ఇచ్చే విరామ సమయంలోనే.

మరి పాతవాళ్ళు ఆ నింద ఎందుకు మోపారు? వాళ్ళకు ఇస్లాం మీద ద్వేషమేదో ఉన్నట్టు నాకు ఏనాడూ కనిపించలేదు. అంతకు కొద్ది నెలల ముందు వరకూ ఇరుపక్షాలూ కలిసి ఫుట్‌బాల్ ఆడేవారు. లోపం ఎవరిదని తేలితే ఆ జట్టుకు ఓవర్‌టైము కోత పడుతుంది. వియత్నాం యువకులు మూడో ఏడాదిలో ఉన్నారు. మూడేళ్ళ శిక్షణను సంతృప్తికరంగా పూర్తిచేసినవారు కార్మికుల కొరత ఉన్న రంగాల్లో ఉద్యోగం చేయడానికి 2019 ఏప్రిల్‌లో మొదలైన నిర్దిష్ట నైపుణ్య వీసాకు మారదలచుకుంటే, సంబంధిత రంగంలో నైపుణ్య పరీక్ష, భాషా పరీక్ష రెండింటి నుంచీ మినహాయింపు ఉంటుంది. ఆ వీసాతో ఉద్యోగం మారే స్వేచ్ఛ కూడా వస్తుంది. అంటే మూడేళ్ళ చివర కార్యాలయానికి తన మీద ఉండే అభిప్రాయం ఆ మనిషి తరువాతి జీవితాన్ని నిర్ణయిస్తుంది. ఆ తలుపు కనిపిస్తున్న దూరంలో ఉండగా, లైను నాయకుడి లక్ష్యం తప్పు అని చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది? నాయకుడి మీద చెప్పలేని మాట పక్కవాడి మీదకు మళ్ళింది. వాళ్ళలో కాస్త పెద్దవాడు నాతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: “మీకైతే ఇక్కడ నచ్చకపోతే వచ్చే నెల వేరే కంపెనీ చూసుకుంటారు. మాకు ఇదే కంపెనీ, ఇదే ఆఖరు.” అది పూర్తిగా నిజం. నేనూ విదేశీయుణ్ణే, వాళ్ళతోపాటు అదే నేల మీద నిలబడి పనిచేసినవాణ్ణే, నా భాష, తిండి, దేవుళ్ళు అన్నీ జపానుకు వాళ్ళవాటికంటే దూరమే. అయినా నాకూ మా జపాను సహోద్యోగులకూ మధ్య వచ్చిన అభిప్రాయభేదాలను ఎవరూ సంస్కృతుల ఘర్షణ అనలేదు. ఇంజనీరు వీసా ఉన్నవాడు రాజీనామా చేయగలడు, ఆ సంగతి అందరికీ తెలుసు. రాజీనామా చేయగలిగినవాడితో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

ఈ ఘటనలో నన్ను అన్నిటికంటే కలచివేసిన అంశం దుబాసీలది. మొదటి ఏడాది శిక్షణార్థులున్న చోటికి పర్యవేక్షక సంఘం మనిషి నెలకొకసారైనా రావాలి, మూడు నెలలకొకసారి తనిఖీ జరగాలి. నియమం మంచిదే. మా దగ్గరకు వచ్చే సంఘంలో వియత్నాం భాష తెలిసిన ఉద్యోగిని ఒకరు ఉండేవారు. ఎంతో ఓపిక గల మనిషి. ఆమె వచ్చిన రోజున వియత్నాం యువకులు తమ మాటను తమ భాషలో, కారణాలతో, సందర్భంతో, తమకు జరిగిన అవమానంతో సహా చెప్పుకోగలిగారు, అదంతా చక్కటి జపనీస్‌లో కార్యాలయానికి చేరింది. ఇండోనేషియా భాష తెలిసినవారు ఆ సంఘంలో లేరు. వారికి ఫోను ద్వారా దుబాసీ దొరికింది మరో రోజు, అదీ కొద్దిసేపు. అంతకుముందే వాళ్ళు తమకు వచ్చిన నాలుగు జపనీస్ మాటల్లో చెప్పుకోబోయారు. కాలం, క్రమం, ఎవరు ఎవరికి చెప్పారు అన్న కీలకమైన వివరాలన్నీ ఆ ముక్కల మాటల్లో తారుమారయ్యాయి. వినేవాళ్ళకు అవి పొంతన లేని సాకుల్లా వినిపించాయి. నివేదిక రాసినవారు దురుద్దేశంతో రాశారని నేను అనను. వారికి ఒక పక్షం కథ నిండుగా, రెండో పక్షం కథ చిల్లులతో అందింది. నిండుగా అందినది నిజమనిపించింది. ఒకే గదిలో ఇద్దరు బలహీనులలో ఒకరికే భాష ఇస్తే, మిగిలినవాడు తప్పు చేసినవాడుగానే బయటికి వస్తాడు. రెండు దేశాల వారిని తీసుకునే సంస్థకు రెండు భాషల దుబాసీలు ఉండి తీరాలన్న షరతు ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు. కొత్త ప్రెస్ యంత్రం కొంటే దానికి రక్షణ కంచె తప్పనిసరి అంటున్నాం కదా.

సంస్కృతుల మధ్య భేదమే లేదని నేను వాదించడం లేదు. ఉంది, కర్మాగారంలో అది రోజూ తగులుతూనే ఉంటుంది. జపానులో కొందరు పాతకాలపు ఫోర్‌మన్లకు చనువు కొద్దీ హెల్మెట్టు మీద తట్టే అలవాటు ఉంది. కంబోడియా, థాయ్‌లాండ్, మయన్మార్ వారికి తల పవిత్రమైనది, పరాయివాడు తల మీద చేయి వేస్తే అది ఘోరమైన అవమానం. నలుగురి ముందు గట్టిగా కేకలు వేయడం కొందరికి పనిలో మామూలు విషయం, మరికొందరికి ఆ రోజు అన్నం సహించనంత పరాభవం. వసతి గృహంలో ఒకే వంటగదిలో ఒకరు పంది మాంసం వేయించిన బాణలిలోనే మరొకరు గుడ్లు వేయించుకోలేరు. రంజాన్ మాసం వేసవిలో వచ్చిన సంవత్సరాల్లో పోతపని షాపులో ఉపవాసంతో నిలబడడం ప్రాణాపాయం కూడా. నేను చూసినంతలో ఇవన్నీ తెగే తగవులు. తల సంగతి ఫోర్‌మన్‌కు ఒక్కసారి విడమరచి చెబితే సరిపోయింది. ఆయన నొచ్చుకుని, తానే వెళ్ళి క్షమాపణ చెప్పి, ఆ అలవాటు మానేశాడు. బాణలి సమస్య ఇంకో బాణలి కొనడంతో తీరింది. ఉపవాసం ఉన్నవారిని కొలిమి దగ్గరనుంచి ప్యాకింగ్ విభాగానికి మార్చుకునే ఏర్పాటును శిక్షణార్థులే తమలో తాము మాట్లాడుకుని చేసుకున్నారు, ఇందులో వియత్నాం యువకులే ముందుకు వచ్చారు. నిజమైన సంస్కృతీ భేదానికి ఉన్న లక్షణమే ఇది అని నాకు అనిపిస్తుంది: దాని వల్ల ఎవరికీ లాభం లేదు కనుక, తెలిసిన మరుక్షణం ఎవరో ఒకరు సర్దుకుంటారు. ఎన్నిసార్లు విడమరచి చెప్పినా సర్దుకోని తగవు ఉందంటే, దానిలో ఎవరిదో డబ్బో భవిష్యత్తో ఇరుక్కుని ఉందని అర్థం.

అప్పు సంగతి విడిగా చెప్పవలసినది. జపాను వలస సేవల సంస్థ 2022లో వెల్లడించిన సర్వే ప్రకారం శిక్షణార్థులు రావడానికి ముందు స్వదేశంలో చెల్లించిన మొత్తం సగటున 5.4 లక్షల యెన్‌లు. సగానికి పైగా మంది అప్పు చేసి వచ్చారు. వియత్నాం వారి సగటు 6.8 లక్షల యెన్‌ల పైమాటే. ఇండోనేషియా వారిది అందులో దాదాపు మూడోవంతు, ఫిలిప్పీన్స్ వారిది అంతకంటే తక్కువ. ఇప్పుడు మా ప్రెస్ షాపును మళ్ళీ తలచుకోండి. ఓవర్‌టైము కోసం వియత్నాం యువకులు పడే ఆరాటాన్ని చూసి డబ్బు యావ అనేవారు, ఓవర్‌టైము వదులుకుని సాయంత్రం గదికి వెళ్ళిపోయే ఇండోనేషియా వారిని చూసి సోమరితనం అనేవారు. ఒకరి తల మీద పెద్ద అప్పు ఉందనీ, రెండోవారి మీద అంత లేదనీ గమనించినవారు లేరు. ఇదే రెండు జట్ల అప్పులను తారుమారు చేసి ఉంటే ఆ రెండు విశేషణాలు కూడా తారుమారయ్యేవని నేను నిశ్చయంగా చెప్పగలను.

2023లో 9,753 మంది శిక్షణార్థులు తమ సంస్థల నుంచి చెప్పకుండా వెళ్ళిపోయారు. అందులో సగానికి పైగా వియత్నాం వారే కావడంతో, ఆ దేశం వారి స్వభావమే అంత అనే మాట జపానులో బాగా ప్రచారంలో ఉంది. ఎక్కువ సంఖ్యలో ఉన్నవారు, ఎక్కువ అప్పు ఉన్నవారు, మారే హక్కు లేనివారు ఎక్కువగా పారిపోవడంలో స్వభావం ప్రసక్తి ఎక్కడ ఉంది? నా వాదనకు సులువుగా ఒదగని ఉదాహరణ కూడా ఉంది. మయన్మార్ వారు వియత్నాం వారంత డబ్బు కట్టి రాలేదు, అయినా ఆ ఏడాది వారు కూడా పెద్ద సంఖ్యలో వెళ్ళిపోయారు. 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యం అధికారం చేజిక్కించుకున్న తరువాత ఆ యువకులకు తిరిగి వెళ్ళడానికి ఇల్లు ఒక భద్రమైన చోటుగా మిగలలేదన్న సంగతిని దానితో కలిపి చూడాలి. అప్పు ఒక్కటే అన్నిటినీ వివరించదు, కాని అక్కడ కూడా కారణం మనిషి స్వభావంలో కనిపించదు, అతను ఇరుక్కున్న స్థితిలో కనిపిస్తుంది. మరో వైపు, శిక్షణార్థులున్న సంస్థల్లో కార్మిక ప్రమాణాల అధికారులు 2023లో తనిఖీ చేసినవాటిలో 70 శాతానికి పైగా చోట్ల ఏదో ఒక చట్ట ఉల్లంఘన బయటపడింది. ఈ అంకెను పక్కన పెట్టుకుని చూస్తే, పారిపోయినవారి దేశం పేరు చెప్పి ఊరుకోవడం ఎంత అన్యాయమో తెలుస్తుంది.

సంస్కృతి అవగాహన తరగతులు పెడితే తప్పేమిటి అని నన్ను సహృదయంతోనే అడిగిన జపాను మిత్రులు ఉన్నారు. ఫోర్‌మన్‌కు తల విషయం తెలిసినట్టే, ఇవి కూడా తెలియాలి కదా అన్నారు. ఆ మేరకు అంగీకరిస్తాను. కాని ఆ తరగతుల్లో పంచిపెట్టే పుస్తకాలను నేను చదివాను. ఒక్కో దేశానికి ఒక్కో పేజీ, ఆ దేశం వారి గుణగణాలు, వారితో మెలగవలసిన తీరు. ఫలానా దేశం వారు ఆత్మాభిమానం గలవారు, ఫలానా వారు నెమ్మదస్తులు, ఫలానా వారు సమయపాలన ఎరుగరు. ఈ పేజీ చదివిన ఫోర్‌మన్ ఆ తరువాత ఎదుట ఉన్న మనిషిని చూడడు, పేజీనే చూస్తాడు. ఆలస్యంగా వచ్చిన కుర్రవాణ్ణి ఎందుకు ఆలస్యమైందని అడగడు, పేజీలో కారణం దొరికింది కనుక. మా ప్రెస్ షాపులో చెక్ షీట్లు పరచి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడానికి ఇదే కారణమని నేను అనుకుంటాను. కారణం ముందే తెలిసినట్టు అనిపిస్తే ఎవరూ వెతకరు. తగవు వచ్చినప్పుడు ముందు పని వేళలు, జీతం చీటీలు, లక్ష్యాల పట్టిక తెరవాలి. అవన్నీ సరిగా ఉన్నాయని తేలాకనే ఆచారాల గురించి మాట్లాడాలి. ఈ వరుస మారితే లోపం ఎప్పటికీ దొరకదు.

వసతి గురించి కూడా ఒక్క మాట. శిక్షణార్థికి పడకగదిలో కనీసం 4.5 చదరపు మీటర్లు ఇవ్వాలన్నది నియమం. పగటి షిఫ్టు వాణ్ణీ రాత్రి షిఫ్టు వాణ్ణీ ఆ కొలతతో ఒకే గదిలో ఉంచితే, ఒకరి నిద్రకూ మరొకరి వంటకూ తగవు రావడానికి రెండు దేశాలు అక్కర్లేదు, ఒకే తల్లి బిడ్డలైనా చాలు.

ఈ పథకాన్ని రద్దుచేసి, దాని స్థానంలో ఇకుసెయి షూరో (తీర్చిదిద్దుతూ ఇచ్చే ఉపాధి) అనే కొత్త పద్ధతిని తెచ్చే చట్టాన్ని జపాను పార్లమెంటు 2024 జూన్‌లో ఆమోదించింది. అది 2027 ఏప్రిల్‌లో అమలులోకి వస్తుంది. కొత్త పద్ధతిలో, రంగాన్ని బట్టి ఒకటి రెండేళ్ళు పనిచేసి, నైపుణ్య పరీక్ష, భాషా పరీక్ష నెగ్గినవారు అదే రంగంలో మరో సంస్థకు తమ ఇష్టంతో మారవచ్చు. స్వదేశంలోని ఏజెన్సీకి చెల్లించే మొత్తం రెండు నెలల జీతాన్ని మించకూడదన్న పరిమితి కూడా పెట్టారు. దీనికి పల్లె ప్రాంతాల చిన్న సంస్థల నుంచి వచ్చిన అభ్యంతరాన్ని నేను తేలికగా తీసిపారేయను. 2024లో నిర్ణయించిన కనీస వేతనం టోక్యోలో గంటకు 1,163 యెన్‌లు, ఉత్తరాన ఉన్న అకితా ప్రాంతంలో 951 యెన్‌లు. వేలకువేలు ఖర్చుపెట్టి, భాష నేర్పి, పని నేర్పిన మనిషి రెండేళ్ళకే పట్నానికి వెళ్ళిపోతే ఊళ్ళో ఉన్న చిన్న యజమాని ఏమైపోతాడన్నది నిజమైన ప్రశ్నే. మా యజమాని కూడా దుర్మార్గుడేమీ కాదు. కొనుగోలుదారు సంస్థ ఏటా ధర తగ్గించమంటుంటే, డై మార్పిడి నిమిషాలు కోయడం తప్ప ఆయనకు మరో దారి కనిపించలేదు. అయితే ఆ యజమాని కష్టానికి పరిహారంగా కొందరు యువకుల కాళ్ళు కట్టిపడేయడం న్యాయం కాదు. ప్రాంతాల మధ్య వేతనాల తేడాను, పెద్ద సంస్థలు చిన్న సంస్థల మీద చేసే ధరల ఒత్తిడిని పరిష్కరించవలసినది జపాను సమాజం, దాని భారం జకార్తా నుంచో హనోయ్ నుంచో వచ్చిన ఇరవై రెండేళ్ళ కుర్రవాడు మోయనవసరం లేదు. మారే హక్కు వచ్చిన తరువాత కొన్ని తగవులు అసలు పుట్టవని కూడా నేను నమ్ముతున్నాను. వెళ్ళిపోగలిగినవాడు తన అసంతృప్తిని పక్కవాడి మీద తీర్చుకోవలసిన అవసరం ఉండదు, లైను నాయకుడితోనే చెప్పగలడు.

ఇదంతా మనకెందుకు అనుకునే కాలం దాటిపోయింది. శిక్షణార్థులను పంపడానికి భారతదేశం జపానుతో 2017 అక్టోబరులోనే ఒప్పందం చేసుకుంది. 2025 ఆగస్టులో రెండు దేశాలూ ప్రకటించిన కార్యాచరణ ప్రణాళిక ప్రకారం అయిదేళ్ళలో 50 వేల మంది నైపుణ్యం గల భారతీయులు జపాను వెళ్ళాలన్నది లక్ష్యం. వియత్నాం వారు గడుసుదేరారని ఇండోనేషియా వైపు చూసినవారే ఇప్పుడు మన వైపు చూస్తున్నారని ఈ లక్ష్యాన్ని చదువుతున్నప్పుడు నాకు అనిపించింది. అంటే మన పిల్లలు చాలా చోట్ల మూడో జట్టుగా, ఆఖరి జట్టుగా అడుగుపెడతారు. అంతకుముందు ఉన్న రెండు జట్లకూ వాళ్ళు తమ స్థానాలు తీసుకోవడానికి వచ్చినవారిలా కనిపిస్తారు. బయలుదేరే ముందు జీతం ఎంత, వసతి ఎక్కడ అని అడిగే తల్లిదండ్రులు ఇంకో మూడు ప్రశ్నలు కూడా ఏజెన్సీని అడగాలని నా విన్నపం: ఆ సంస్థలో ఇప్పటికే ఏ ఏ దేశాల వారు ఉన్నారు, వారిలో కొందరి ఒప్పందాలు ఎప్పుడు ముగుస్తున్నాయి, పర్యవేక్షక సంఘంలో మన భాష తెలిసినవారు ఉన్నారా.

ఆఖరి ప్రశ్నకు జవాబు చాలా చోట్ల లేదనే వస్తుంది. శిక్షణార్థుల ఫిర్యాదులు వినడానికి జపాను ప్రభుత్వ ఆధ్వర్యంలోని సంస్థ నడిపే సలహా సేవ వియత్నామీస్, చైనీస్, ఇండోనేషియన్, ఫిలిపినో, ఇంగ్లీషు, థాయ్, కంబోడియన్, బర్మీస్ భాషల్లో అందుబాటులో ఉంది. భారతీయ భాష ఏదీ ఆ జాబితాలో లేదు. 2027లో కొత్త పద్ధతి మొదలయ్యేలోగా హిందీతోపాటు తెలుగు, తమిళం వంటి భాషలను అందులో చేర్పించే ప్రయత్నం మన ప్రభుత్వాలు ఇప్పుడే మొదలుపెట్టాలి. అది జరిగేదాకా, జపనీస్ నేర్పుతున్న మన శిక్షణ కేంద్రాలు పరీక్షకు పనికివచ్చే పాఠాలతోపాటు, జరిగినదాన్ని జరిగిన వరుసలో చెప్పడం నేర్పాలి: యంత్రం ఏ సమయానికి ఆగింది, ఎవరు ఆపారు, ఆపమని ఎవరు చెప్పారు, షీటులో ఆ సంతకం ఎవరిది.